తిరిగే నొప్పి

ఆ శనివారం పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసు వాళ్ళతో కాసేపు షటిల్ ఆడాలి, ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కోవాలి, మధ్యాహ్నం ఓ కునుకు తీయాలి. ఎవరైనా "వచ్చే వారం కూడా రండి" అంటే కాస్త బెట్టు చేసి ఒప్పుకోవాలి. ఆ బెట్టు ఎంతసేపు చేయాలో కూడా పళ్ళు తోముకుంటూ అద్దం ముందే తేల్చుకున్నాడు.

అతనికి నలభై మూడేళ్ళు. భవనాల నక్షాలు గీసే కంపెనీలో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. గీత ఎంత తిన్నగా గీస్తాడో నడకా అంత తిన్నగా ఉంటుందని ఆఫీసులో చాటుగా "స్కేలు" అంటారు. ఎదురుగా మాత్రం "సార్, ఆ మెట్ల నక్షా అయిందా?" అంటారు. అంతకుమించి మాట్లాడే అవసరం వాళ్ళకి పడలేదు, చొరవ ఇతనికి లేదు. భార్య వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ విడిగా ఉంటోంది. ఇద్దరి మధ్యా తగాదా ఏమీ లేదు. తగాదా పడాలన్నా మాట్లాడుకోవాలి కదా.

కాలేజీ రోజుల్లో అతను షటిల్ కప్పులు గెలిచిన మాట నిజం. ఆ శనివారం కోర్టు దగ్గర కుర్ర ఇంజనీర్లు వంగుతూ లేస్తూ చేతులు తిప్పుతూ ఉంటే, ఇతను బూట్లు బిగించుకుని నేరుగా నెట్ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ముందు కాస్త ఒళ్ళు వేడెక్కించుకోండి సార్," అన్నాడొక ఇంజనీరు.

"మా రోజుల్లో ఇవన్నీ లేవయ్యా. దిగడమే, కొట్టడమే."

దిగాడు. రెండు దెబ్బలు బ్రహ్మాండంగా కొట్టాడు. మూడోదానికి వెనక్కి ఉరికి పైకి ఎగరబోతుంటే, ఎడమ పిక్క మీద ఎవరో రాయితో కొట్టినట్టయింది. "ఎవర్రా అది?" అంటూ వెనక్కి తిరిగాడు. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు. అప్పుడు మెల్లగా కింద కూలబడ్డాడు. పిక్కలో కండ చిట్లిందని చెప్పి డాక్టరు కట్టు కట్టాడు. కొన్నాళ్ళు ఆటల జోలికి పోవద్దన్నాడు.

సోమవారం కుంటుకుంటూ ఆఫీసుకి వెళ్ళేసరికి క్యాషియరమ్మ తన కుర్చీలోని దిండు తీసి ఇతని కుర్చీలో వేసింది. "కాలు కిందికి వేలాడేయకండి సార్, వాపొస్తుంది," అని ఓ స్టూలు లాగి పెట్టింది. టీ అతని బల్ల దగ్గరికే వచ్చింది. ఒకరు ఐసు పెట్టమన్నారు, ఒకరు వేణ్ణీళ్ళ కాపడం అన్నారు. ఆ ఇద్దరూ ఇతని బల్ల దగ్గరే వాదనకి దిగి భోజనాల వేళ దాకా కదల్లేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో తన చుట్టూ మనుషులు మూగడం అదే మొదలు. ఎటువైపు చూసి నవ్వాలో తెలియక పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాడు.

సాయంత్రం మేనేజరు తన కారులో ఇంటి దగ్గర దింపాడు. కింది వాటాలో ఉండే మామ్మగారు మెట్ల దగ్గర ఇతని అవస్థ చూసింది. "ఒంటికాయ శొంఠికొమ్ములా ఉంటివి. నిన్నెవరు చూస్తారు నాయనా?" అంటూ భోజనం క్యారియరుతో వెనకాలే పైకొచ్చింది. అతను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని తన మోకాళ్ళ చరిత్రంతా చెప్పింది. అలా ప్రతి సాయంత్రమూ వచ్చింది. ఆ మోకాళ్ళతో ఆమె మెట్లెక్కి రావడం, ఈ పిక్కతో అతను తలుపు తీయడం. ఇద్దరిలో ఎవరు రోగి అన్నది చెప్పడం కష్టమే.

ఒకరోజు స్నానం చేస్తూ పై అరలో ఉన్న కొత్త సబ్బు అందుకున్నాడు. అందుకున్నాక గానీ మునివేళ్ళ మీద నిలబడ్డానని గమనించలేదు. మళ్ళీ నిలబడి చూశాడు. పిక్కలో నొప్పి అన్నది లేదు. సంతోషించాలి కాబట్టి సంతోషించడానికి ప్రయత్నించాడు. చకచకా మెట్లు దిగుతుంటే కింద మామ్మగారి తలుపు తెరుచుకుంది.

"ఇవాళెలా ఉంది నాయనా?"

కాలు దానంతటదే కుంటింది. "ఇంకా అలాగే ఉంది మామ్మగారూ," అంది నోరు, కాలికి తోడుగా.

అబద్ధం ఆడటం ఒక ఎత్తు, దాన్ని రోజూ నడిపించడం ఒక ఎత్తు. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాతి సోమవారం పరధ్యానంగా ఆఫీసులో అడుగు పెట్టాడు.

"సార్, మొన్నటిదాకా ఎడమ కాలు కదా?" అంది క్యాషియరమ్మ.

అతను కిందికి చూసుకున్నాడు. కుంటుతున్నది కుడికాలు.

"తిరుగుతోందండీ," అన్నాడు.

"ఏది?"

"నొప్పి. అటూ ఇటూ తిరుగుతోంది."

క్యాషియరమ్మ మొహం తెల్లబోయింది. మధ్యాహ్నానికి నొప్పి ఆఫీసంతా తిరిగింది. మేనేజరు బావమరిదికి ఇలాగే నొప్పి తిరిగి తిరిగి చివరికి నరాల్లో తేలిందట. సాయంత్రానికి ఇతనికి నరాల జబ్బు ఖాయమైంది. మర్నాడు నక్షాల విభాగాన్ని మొత్తం రెండో అంతస్తు నుంచి కిందికి దించారు. కింద ఉన్న లెక్కల విభాగం వాళ్ళు బీరువాలు మోసుకుంటూ పైకెళ్ళారు. మోస్తున్న వాళ్ళలో ఒకాయన ఆగి, చెమట తుడుచుకుని, "మీరు దిగులు పడకండి సార్, మేమంతా ఉన్నాం," అన్నాడు. అతనికి ఆ బీరువా కింద పడి తను చచ్చిపోతే బాగుండుననిపించింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆ నోట్లో ఎవరో బిస్కెట్ పెట్టారు.

ఆ సాయంత్రం భార్య ఫోన్ చేసింది. క్యాషియరమ్మ ఆఫీసు కాగితాల్లో నంబరు వెతికి కబురు చేసిందట.

"ఏమైంది మీకు? కాళ్ళు పడిపోయాయని చెప్పారు."

ఆ గొంతు విని చాలా కాలమైంది. కొంచెం మారింది, లేకపోతే తనే మరిచిపోయి ఉంటాడు. కాళ్ళు పడిపోయాయంటే ఆమె వస్తుంది. అది అతనికి తెలుసు. వచ్చి ఈ గదిలో, మామ్మగారు కూర్చునే కుర్చీలో కూర్చుంటుంది. ఊరంతా తిప్పిన అబద్ధం ఆమె దగ్గర మాత్రం గడప దాటలేదు.

"అదేం లేదు. షటిల్ ఆడితే పిక్క పట్టేసింది. తగ్గిపోయింది."

"అంతేనా?"

"అంతే."

"ఈ వయసులో చూసుకుని ఆడాలి కదా," అంది. "సరే మరి, ఉంటాను."

ఫోన్ చల్లబడేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఆ వారంలోనే మేనేజరు ఒక ఫిజియోథెరపిస్టుని పిలిపించి, సిబ్బందికి "నలభై దాటాక ఆటలు" అని ఉపన్యాసం పెట్టించాడు. ఆమెకీ నలభై పైబడే ఉంటాయి. కచ్చితమైన మనిషి.

"నలభై దాటిన ఒళ్ళు అభిమానం గల చుట్టం లాంటిదండీ," అంది. "ముందు పలకరించి, తర్వాత పని చెప్పాలి. ఉన్నపళాన మీద పడితే మొహం తిప్పుకుంటుంది. వారమంతా కుర్చీలో కూర్చుని శనివారం ఒక్కరోజే విరుచుకుపడకండి. దెబ్బ తగిలాక మళ్ళీ ఆడాలంటే కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. ఉన్న నొప్పిని దాచుకోకండి."

లేని నొప్పిని చూపించుకునేవాళ్ళ గురించి ఆమె ఏమీ చెప్పలేదు. అతను ఊపిరి పీల్చుకునే లోపే మేనేజరు లేచి, "మావాడిని కాస్త చూడండి, అందరికీ ఉదాహరణగా ఉంటుంది," అని అతన్ని ముందుకి నడిపించాడు.

ఆమె బల్ల మీద పడుకోబెట్టి రెండు పిక్కలూ నొక్కింది, కాళ్ళు మడిచి చూసింది. తర్వాత కుడి తుంటి మీద వేలు పెట్టింది. అతను నిజంగానే మూలిగాడు.

ఆమె వంగి, అతనికే వినపడేలా అంది. "పిక్క ఎప్పుడో మానిపోయింది. ఈ కుంటి నడకే మీ తుంటిని తినేస్తోంది. ఇది అసలైన నొప్పి. మానిందని తెలీదా మీకు?"

"తెలుసండీ."

"మరెందుకు కుంటుతున్నారు?"

అతను తల తిప్పి గది వైపు చూశాడు. క్యాషియరమ్మ దిండు ఒళ్ళో పెట్టుకుని ఆత్రంగా చూస్తోంది. బీరువాలు మోసినాయన లేచి నిలబడ్డాడు. ఫిజియోథెరపిస్టు కూడా అటు చూసింది. ఇంకేమీ అడగలేదు.

"లేచి నడవండి. తిన్నగా. నొప్పి పుట్టినా సరే, రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేయండి."

లేచాడు. అడుగు వేస్తే తుంటిలో కత్తి దిగినట్టయింది. అయినా స్కేలు పెట్టి గీసినట్టే గది ఆ చివరిదాకా నడిచాడు. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. గదిలో చప్పట్లు మోగాయి. "ఆనందం పట్టలేకపోతున్నాడు పాపం," అన్నాడు మేనేజరు. క్యాషియరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. ఒక్క నొక్కుతో నరాల జబ్బు కుదిర్చిన చేతిలో తమ మెడలూ నడుములూ పెట్టడానికి సగం ఆఫీసు అప్పటికప్పుడే వరస కట్టింది.

మర్నాడు దిండు క్యాషియరమ్మ కుర్చీలోకి వెళ్ళిపోయింది. లెక్కల విభాగం కిందికి దిగింది, నక్షాలు పైకెక్కాయి. "నడిస్తేనే మంచిదట కదా," అని మేనేజరు కారెక్కి చెయ్యి ఊపాడు. మామ్మగారు "హమ్మయ్య, నాకిక నిశ్చింత" అని క్యారియరు కడిగి బోర్లించింది. పక్కింట్లో ఎవరికో ఆపరేషన్ అయిందట, ఇక అక్కడికి వెళ్తుందట.

రెండో అంతస్తు మెట్లు తుంటి పట్టుకుని ఎక్కుతుంటే క్యాషియరమ్మ ఎదురైంది.

"ఇప్పుడు నిజంగా నొప్పిగా ఉందండీ," అన్నాడు ధైర్యం చేసి.

"బాగైన కొత్తలో అలాగే అనిపిస్తుంది సార్. పట్టించుకోకండి," అని నవ్వి, హడావుడిగా దిగిపోయింది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే అతను ఫిజియోథెరపిస్టు క్లినిక్‌కి వెళ్ళాడు. చిన్న గది, నాలుగు బల్లలు, కిటికీ పక్కన ఓ రబ్బరు బంతి. బల్లల మీద తన ఈడువాళ్ళే ఎవరి కాలు వాళ్ళు గాలిలో లేపి, గోడ వైపు చూస్తూ అంకెలు లెక్కపెట్టుకుంటున్నారు.

"ఎలా ఉంది?" అని అడిగిందామె. అడిగి, జవాబు కోసం ఆగింది.

అలవాటు తప్పి, అతను కాసేపు తడుముకున్నాడు. "మెట్లెక్కుతుంటే బాగా నొప్పిగా ఉంటోందండీ. పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను," అన్నాడు. ఎంతో కాలానికి తన కాళ్ళ గురించి చెప్పిన మొదటి నిజం అది.

ఆమె తలూపి, అతని మోకాలు మడిచి మెల్లగా ఛాతీ వైపు నొక్కింది. "రోజూ వచ్చి చేస్తే నెల తిరక్కుండా తగ్గిపోతుంది. వారానికోసారి వస్తే చాలా కాలం పడుతుంది. మీకెలా వీలు?"

అతను పైకప్పు వైపు చూస్తూ కాస్త ఆలోచించాడు.

"తగ్గడానికి తొందరేం లేదండీ," అన్నాడు. "రోజూ కూడా రాగలను."