సోంబరు రాయి మీద కూర్చున్నాడు

చక్కెర డబ్బా కనిపించకుండా పోయిన రోజునే సోంబరు ధ్యానం చేయాలని నిర్ణయించుకున్నాడు. నిజానికి డబ్బాను దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. అతని భార్య అచ్చియమ్మ దాన్ని బెల్లం కుండతో సహా తన చెల్లెలి ఇంటికి పంపేసింది. సోంబరుకు షుగరు బాగా పెరిగిందని, వచ్చే పరీక్షనాటికి దిగకపోతే రోజూ ఇన్సులిన్ సూది తప్పదని అనంతగిరిలో డాక్టరమ్మ చెప్పింది. సోంబరు అడవిలో ఎలుగుబంటిని ఎదురుగా చూసి కూడా పరుగెత్తనివాడు. సూదిని చూస్తే మాత్రం నిలబడలేడు.

మాత్రలు మానకూడదు, రోజూ నడవాలి, తీపి ముట్టకూడదు, వీటికి తోడుగా పొద్దున్నే కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటే మంచిది అని కూడా డాక్టరమ్మ చెప్పింది. సోంబరుకు వీటిలో చివరిది నచ్చింది. తోడు వచ్చేదే అంత మంచిదైతే ముందున్నవాటితో పనేమిటని మాత్రలు ఆపేశాడు. ఆ సంగతి అచ్చియమ్మకు చెప్పలేదు.

ఇంట్లో కూర్చుంటే టీవీ, కోళ్లు, అచ్చియమ్మ. అందుకని తెల్లవారగానే, ఏమీ తినకుండా, ఊరి మధ్య పనసచెట్టు కిందికి వెళ్లాడు. అక్కడ గుండ్రంగా రాళ్లు వేసి ఉంటాయి. ఇంటికొక రాయి. పెద్దలు తగువులు తీర్చేది అక్కడే. ఎవరైనా పొద్దున్నే పరగడుపున వచ్చి తన రాయి మీద మాట్లాడకుండా కూర్చున్నారంటే, ఊళ్లో ఎవరో వారికి అన్యాయం చేశారని అర్థం. ఎవరని అడగకూడదు. చేసినవాళ్లే వచ్చి, తప్పు చెప్పుకుని, తమ ఇంటి తీపి పెట్టాలి. దాన్ని రాజీ కూడు అంటారు. కూర్చున్నవాడు అది తింటేనే తగువు తీరినట్టు. వాడు లేచేదాకా ఊళ్లో ఎవరూ పనికి పోకూడదు. ఇదంతా సోంబరుకు తెలుసు. కాకపోతే ఫోన్లలో తిట్టుకునే రోజుల్లో ఈ ఆనవాయితీ ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాడు.

కాఫీ పళ్లు కోయడానికి బుట్టలతో బయల్దేరినవాళ్లు అతన్ని చూసి ఆగిపోయారు. బుట్టలు దించారు. తామేం తప్పు చేశామా అని ఎవరి మనసులో వాళ్లు వెతుక్కున్నారు.

అందరికంటే ముందు పొరుగింటి గాసి గిన్నెతో వచ్చాడు.

"బావా, తప్పు నాదే. కంచె ఏసినప్పుడు నీ కాఫీ మొక్కల వరసొకటి నా ఏపు కలిపీసినాను. ఇది తినీ."

సోంబరు ఒక కన్ను తెరిచాడు. "నాను ధ్యానం సేత్తన్నానురా." తరువాత రెండోదీ తెరిచాడు. "అదేటి, నా మొక్కలు కలిపీసుకున్నావా?"

ఊరి పెద్ద సుక్రు తల పంకించాడు. "సూసినారా, ఎంత కోపముంటే ధ్యానమంటన్నాడో! గాసీ, బేగి పెట్టు."

అది సామల పాయసం. బెల్లం బాగా వేశారు. తినకపోతే తగువు తీరదని సోంబరు తిన్నాడు. ఊరి మంచి కోసమే తిన్నానని తనకు తాను చెప్పుకున్నాడు. గిన్నె నాకడం కూడా ఊరి మంచి కోసమే.

మర్నాడు అతను మళ్లీ కూర్చున్నాడు. ఇంకా ఏదో తగువు మిగిలిందని ఊరు అనుకుంది. ఈసారి వరసకు మేనల్లుడైన కొండబాబు తేనె, అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు.

"మావా, మీ నల్లకోడిని నక్క ఎత్తుకుపోలేదు. నానే."

"ఒక్కడివే తినీసినావా?"

"లేదు మావా. గాసి కూడా ఉన్నాడు."

"నానేటి, పులుసొకటే తిన్నాను!" అన్నాడు గాసి వెనకనుంచి. పులుసుకు కూడా రాజీ కూడు పెట్టాల్సిందేనని సుక్రు తేల్చాడు. గాసి ఇంట్లో మళ్లీ పాయసం పొయ్యి మీదికెక్కింది.

ఆ సాయంత్రం అచ్చియమ్మ నిలదీసింది. "రాజీ కూడు ఒక ముద్ద తింటే సాలదేటి? గిన్నెడూ తినీయాలా?"

"ముద్ద మిగిలితే తగువు మిగిలినట్టేనే."

"మిగిలితే మిగలనీ! నీ ఒంట్లో షుగరు సంగతేటి?"

"అందుకే కదే, రోజూ ధ్యానం."

అక్కడితో ఆగితే బాగుండేది. సోంబరు రాయి దగ్గర చెప్పుకున్న తప్పులతో పాటు, మిగిలినవాళ్లకు చేసిన అన్యాయాలూ బయటపడ్డాయి. గాసి కలుపుకున్నది సోంబరు మొక్కల వరస ఒక్కటే కాదని కొండబాబుకు తెలిసింది. అతనూ తన రాయి మీద కూర్చున్నాడు. తన చేలో పడి మేసింది కొండబాబు మేకేనని తెలుసుకుని సుక్రు కూడా కూర్చున్నాడు. వారం తిరిగేసరికి సగం ఊరు కళ్లు మూసుకుని రాళ్ల మీద ఉంది. మిగతా సగం వంట చేస్తోంది. చెట్ల మీద కాఫీ పళ్లు ముదిరి రాలుతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఆశా కార్యకర్త సోని కొండెక్కి ఊళ్లోకి వచ్చింది. పక్క ఊరి పిల్ల. ఇక్కడి ఆనవాయితీలు ఆమెకు తెలియవు. తెల్లవారుజామున మంచులో, పనసచెట్టు కింద, ఊరు ఊరంతా నిశ్శబ్దంగా కళ్లు మూసుకుని కూర్చుని ఉండడం చూసి ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి.

"ఓలమ్మా! షుగరుకి మంచిదని డాక్టరమ్మ సెప్తే ఊరంతా ధ్యానమే!"

ఫొటో తీసి ఆసుపత్రి వాళ్ల గ్రూపులో పెట్టింది. డాక్టరమ్మ వెంటనే ఫోన్ చేసింది. రేపే జీపులో వస్తున్నానంది. అందరికీ షుగరు, బీపీ చూస్తానంది.

సోని సోంబరు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "మావయ్యా, ఇదంతా నీ వల్లే కదా. మొదటి పరీక్ష నీకే!"

సోంబరు నోట్లో అప్పుడు అరటిపండు ఉంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే లేచాడు. కాసేపు నడిస్తే షుగరు ఎంతో కొంత దిగుతుందేమోనని ఆశ. కొండంతా తిరిగి, ఎండెక్కాక పనసచెట్టు దాకా వచ్చి ఆగిపోయాడు. తమ ఇంటి రాయి మీద అచ్చియమ్మ కూర్చుని ఉంది. కళ్లు మూసుకుంది. పరగడుపున ఉంది. మాట్లాడడం లేదు.

ఊరంతా అప్పటికే చేరింది. అందరూ సోంబరు వైపు చూశారు.

"మేమందరం సెప్పుకోవలసింది సెప్పుకున్నాం," అన్నాడు సుక్రు. "మిగిలింది నువ్వే."

సోంబరు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇలగ సూడు, మీ సెల్లెలింటికెల్లి బెల్లం తిన్నాను. సిన్న ముక్కే."

అచ్చియమ్మ కదలలేదు.

"సంతలో జిలేబీ కూడా."

కదలలేదు.

కొండ కింద మలుపులో జీపు చప్పుడు వినిపించింది. సోంబరు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "మాత్రలు మానీసినాను. ఈ రాయి మీద కూకున్న రోజునుంచీ ఒక్కటీ ఏసుకోలేదు."

అచ్చియమ్మ కళ్లు తెరిచింది.

"ఏటీ?"

"అదే కదా నీ కోపం?"

"నాకు కోపమని ఎవలు సెప్పినారు? డాక్టరమ్మ వత్తాది, కాసేపు ఇలగ కూకుంటే బీపీకి మంచిదని సోని సెప్తే కూకున్నాను!" లేచి నిలబడింది. ఇక ఊరంతటికీ వినబడేలా అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె గొంతు తగ్గించింది. "ఆసుపత్రిలో షుగరుకి భీముడు బావ కాలు తీసీసినప్పుడు సెయ్యి పట్టుకున్నది నువ్వే కదా. ఆ బావా ఇలగే మాత్రలు మానీసినాడు. అంతా సూసి, నువ్వూ మానీసినావా?"

భీముడు సోంబరు అన్న. పోయి ఏడాది కాలేదు. గాసి గిన్నె కిందపెట్టి తల దించుకున్నాడు. వారం రోజుల్లో పనసచెట్టు కింద నిజంగా ప్రశాంతంగా ఉన్నది ఆ కాసేపే.

జీపు వచ్చింది. డాక్టరమ్మ సోంబరు వేలు గుచ్చి, మిషన్‌లో అంకె చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. చుట్టూ ఉన్న పాయసం గిన్నెలను కూడా చూసింది. జరిగిందంతా అచ్చియమ్మే చెప్పింది.

"ధ్యానం మందుకి తోడేనయ్యా, మందుకి బదులు కాదు," అంది డాక్టరమ్మ. "ఈ రోజునుంచి మాత్రలు వేసుకో. ఒక నెల చూస్తాను. అప్పటికీ దిగకపోతే సూది మొదలుపెడదాం. అది శిక్షేమీ కాదు, భయపడకు." వెళ్తూ వెళ్తూ జీపులోంచి అడిగింది. "ఇంతకీ కూర్చున్నప్పుడు మనసెలా ఉండేది?"

"ఏ రోజూ కూకోనిస్తే కదమ్మా," అన్నాడు సోంబరు.

ఇప్పుడతను అచ్చియమ్మ ఎదుటే మాత్ర వేసుకుంటున్నాడు. పొద్దున్నే కాఫీ తోటదాకా నడిచి వస్తున్నాడు. గాసి కంచె వెనక్కి జరిగింది. నల్లకోడికి బదులు కొండబాబు తెల్లకోడిని ఇచ్చాడు. ఊళ్లో తీరని తగువు ఒక్కటీ లేదు.

ధ్యానం ఇంకా మొదలుకాలేదు.