క్లచ్‌లో దూరిన దొంగ

"బావా, నా కంటికి చిక్కని నేరస్తుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా ప్రసూతి గదిలోనే పట్టేస్తాను!"

ఇలా ప్రకటించి మా బావమరిది షెడ్డులోకి అడుగుపెట్టాడు. ఎండ లేకపోయినా నల్ల కళ్ళద్దాలు, వాన లేకపోయినా రెయిన్‌కోటు. తనకు తానే ఇచ్చుకున్న బిరుదు డేగకన్ను. ఆ డేగకన్ను గుమ్మంలో ఉన్న జాకీని చూడలేదు. తట్టుకుని బోర్లా పడ్డాడు.

నేను అప్పుడు కారు కింద ఉన్నాను. అది మా మామగారిది, రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు. ఆయన పోయిన కొన్నాళ్ళకే దాని గేర్‌బాక్సూ పోయింది. "నాన్న బండి ఇలా పడుండటం చూళ్ళేనండీ. ఈ ఆదివారం సాయంత్రానికి కదిలిందా సరే, లేకపోతే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తా" అని మా ఆవిడ తేల్చి చెప్పింది. చెప్పి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అది చూసి ఉండలేక, తుక్కులో పడున్న అదే రకం కారు నుంచి గేర్‌బాక్స్ ఊడదీయించి తెచ్చి, గుండెల మీద పెట్టుకుని మరీ బిగించాను. గొట్టంలోని ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసే కొత్త హైడ్రాలిక్ క్లచ్ కూడా వేశాను. తీరా తొక్కి చూస్తే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. గేరు పడలేదు.

"ఫ్లూయిడ్ గొట్టంలో గాలి చేరిందిరా. నువ్వు పైన పెడల్ తొక్కుతూ ఉండు, నేను కింద నట్టు వదులు చేసి గాలి తీసేస్తా. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు."

"గాలా!" జాలిగా నవ్వాడు. "అమాయకులందరూ మొదట అనే మాటే అది. ఇది కుట్ర బావా! కారు కదలకపోతే లాభం ఎవరికి? పాత ఇనుము వాడికి!"

"ముందు పెడల్ తొక్కరా బాబూ."

"డేగకన్ను పెడళ్ళు తొక్కడు. రహస్యాలు తవ్వుతాడు."

తవ్వకం మొదలైంది. వేలిముద్రల కోసమని వాళ్ళక్క పౌడరు డబ్బా తెచ్చి గేర్‌బాక్స్ మీద గుమ్మరించాడు. నాకు తుమ్ములే తుమ్ములు. డేగకన్ను మాత్రం భూతద్దం పట్టుకుని చాలాసేపు పాకాడు.

"బావా, ఎక్కడ చూసినా నీ వేలిముద్రలే."

"బిగించింది నేనే కదరా!"

"ఒప్పుకున్నందుకు సంతోషం. ఊరు విడిచి వెళ్ళకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న స్పానర్ విసిరేద్దామనుకుని, వాళ్ళక్క మొహం చూసి ఊరుకున్నాను.

భోజనాలయ్యాక కొత్త పథకం వేశాడు. "నేరస్తుడు నేరస్థలానికి తిరిగొస్తాడు. లోపల నక్కి మాటేస్తా" అని డ్రైవర్ సీటు ముందు, పెడళ్ళ దగ్గర ముడుచుకుని దూరి, పైన రెయిన్‌కోటు కప్పుకున్నాడు. కడుపు నిండా తిన్నాడేమో, కాసేపటికే గురక మొదలైంది.

నేను ఆశ వదులుకుని, ఊరికే బానెట్ ఎత్తి క్లచ్ ఫ్లూయిడ్ డబ్బా మూత తీశాను. బుడుంగుమని ఒక బుడగ తేలింది. లోపల గుర్రుమంటే ఇక్కడ బుడుంగ్. మళ్ళీ గుర్ర్, మళ్ళీ బుడుంగ్. తొంగి చూద్దును కదా, మావాడి వీపు క్లచ్ పెడల్‌కి ఆని ఉంది. గురక తీసినప్పుడల్లా పెడల్ చిన్నగా కదులుతోంది, గొట్టంలో గాలి కొంచెం కొంచెంగా పైకి తన్నుకొస్తోంది.

ఆ గురక ఆగకూడదని దేవుడికి మొక్కుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. అతని ముక్కు మీద వాలిన ఈగను గుడ్డతో తోలాను. ఫ్లూయిడ్ తగ్గినప్పుడల్లా పోశాను. కాసేపటికి బుడగలు ఆగిపోయాయి.

అంతలో గేటు దగ్గర పాత ఇనుము అతను వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, బండి తీసుకెళ్ళమంటారా?"

"దొరికావురా!" అంటూ డేగకన్ను లేవబోయాడు. తల స్టీరింగ్‌కి కొట్టుకుని హారన్ మోగింది. పాత ఇనుము అతను అదిరిపడ్డాడు. నేను మావాణ్ణి బయటికి లాగి, సీట్లో కూర్చుని పెడల్ తొక్కాను. గట్టిగా ఉంది! ఇంజన్ వేస్తే గేరు ఠక్కున పడింది. కారు షెడ్డు దాటి వాకిట్లోకి వచ్చింది.

మా ఆవిడ పరుగున వచ్చి ఆగిపోయింది. "నాన్న వస్తున్నట్టే ఉందండీ..." అంది. కళ్ళు తుడుచుకుని, "దిగండి, నేను నడుపుతా. రారా తమ్ముడూ!" అంది.

ఉన్నవి రెండే సీట్లు. నేను పాత ఇనుము అతని పక్కన నిలబడ్డాను. కదిలిపోతున్న కారులోంచి, నుదుటి మీద బొప్పితో మా బావమరిది అరిచాడు.

"కేసు ముగిసింది బావా! నేను లోపల ఉన్నానని తెలిసి దొంగ పారిపోయాడు!"

తిడదామని నోరు తెరిచాను. తీరా ఆలోచిస్తే, వాడన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.