స్నానాలగదిలో కోడి

ఆ ఉదయం ఇల్లాలు పెట్టుకున్న పనులు రెండే. మొగుణ్ణి వేళకు ఆఫీసుకు పంపడం, కూతురు తెచ్చిన కోడిని సాయంత్రం దాకా బతికించడం. ఏది చెడినా నింద తన నెత్తినే పడుతుందని పళ్లు తోముకోకముందే ఆవిడకు తెలుసు.

కోడిపెట్ట ఏదో లారీలోంచి రోడ్డు మీదికి జారిపడిందట. పై ముక్కు సగం విరిగిపోయింది. ఇంటికి వచ్చినప్పటి నుంచి గింజ ముట్టలేదు. "సాయంత్రానికి తనంతట తాను తినకపోతే ఇక ఆశ లేదు" అన్నాడు పశువుల డాక్టరు. చీకటిగా, సందడి లేని చోట ఉంచమన్నాడు. తడిపిన దాణా లోతైన గిన్నెలో పెట్టమన్నాడు. ఇంట్లో కిటికీ లేనిది స్నానాలగది ఒక్కటే కాబట్టి కోడి అక్కడ కాపురం పెట్టింది. లోతు గిన్నె మాట మాత్రం ఇల్లాలికి మింగుడుపడలేదు. తల ఇరుక్కుంటే? ఊపిరాడకపోతే? అందుకని పళ్లెంలో పలచగా పరిచింది. కోలుకోగానే కోడి ఇల్లు వదలాలని కూతురి దగ్గర ముందే మాట తీసుకుంది.

"ఏమేవ్, తలుపు తియ్యి. స్నానం చెయ్యాలి."

"మెల్లగా అనండి! బెదిరి దాని గుండె ఆగితే ఎవరిది పూచీ?"

"నా ఉద్యోగం ఆగితే ఎవరిది పూచీ? ఇవాళ పెద్దసారు వస్తున్నాడే!"

"ఆయన ముక్కు బాగానే ఉందిగా, కాస్త ఆగుతాడు. కింద టీచరమ్మగారింట్లో పోసుకుని రండి."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, సబ్బుపెట్టె పట్టుకుని, పళ్లు నూరుతూ మెట్లు దిగాడు. స్నానాలగదిలో కోడి ఉందని ఏ మొహంతో చెబుతాడు? తలదించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. టీచరమ్మ ఆ వాలకం చూసి, పైన నీళ్లు ఆగిపోయాయని తనకు తానే తేల్చుకుంది. ఆయన లోపల వీపు రుద్దుకుంటుంటే, ఆవిడ వంటింట్లో బిందెలూ గిన్నెలూ నింపి, పక్కింటి తలుపు తట్టింది. వాళ్లు ఎదురింటి తలుపు తట్టారు. ప్రతి ఇంట్లో ప్రతి కుళాయీ తెరుచుకుంది. మేడ మీది ట్యాంకు ఖాళీ అయింది. వాచ్‌మన్ మోటారు వేస్తే, అది నేలతొట్టిలో ఉన్న కాసినీ లాగేసి, ఖాళీ తొట్టిని పీల్చి పీల్చి పొగలు కక్కింది. మొహాన సబ్బు నురుగుతో జనం మెట్ల మీదికి వచ్చారు. అప్పటికే స్నానం ముగించి తయారైన ఇంటాయన వాళ్ల సందులోంచి ఆఫీసుకు జారుకున్నాడు.

అన్నం డబ్బా మూత తీసి తినబోతున్న ప్లంబరును తెరిచిన డబ్బాతో సహా లాక్కొచ్చారు.

"మొదట ఎవరింట్లో ఆగాయి?" అన్నాడతను. అందరి వేళ్లూ పైకి చూపించాయి.

అందరూ పైకి ఎక్కేసరికి ఇల్లాలు స్నానాలగది తలుపుకు అడ్డం నిలబడింది. "మా ఇంట్లో నీళ్లు ఆగలేదు నాయనా. లోపల కోడి ఉంది, అంతే."

"వదినగారూ," అంది టీచరమ్మ, "కోడి కోసం అన్నయ్యగారు మా ఇంట్లో స్నానం చేశారా?"

"చేస్తే ఏం? మీ గోడలు అరిగాయా?"

"నేను కుక్కర్లో కూడా నీళ్లు పట్టేశానండీ!"

"కోడి ఉంటే నీళ్లెందుకు ఆగుతాయమ్మా? తప్పుకోండి" అని, ప్లంబరు డబ్బా గుమ్మంలో పెట్టి తలుపు తీశాడు.

కోడి అతని కాళ్ల సందులోంచి బాణంలా దూసుకొచ్చింది. ఎదురుగా ఉన్న డబ్బాలో మెడదాకా తల దూర్చేసింది.

"అయిపోయింది!" ఇల్లాలు నెత్తి బాదుకుంది. "ఊపిరాడక చచ్చిపోతోంది! పిల్లకు నేనేం చెప్పను?"

"చావట్లేదమ్మా, తింటోంది" అన్నాడు ప్లంబరు నీరసంగా. "నా అన్నం."

కోడి తల పైకెత్తింది. కళ్లదాకా మెతుకులు. విరిగిన ముక్కుతో పళ్లెంలో ఒక్క పలుకైనా ఎత్తలేనిది, డబ్బా గోడకేసి నొక్కి నొక్కి గరిటెతో తోడినట్టు మింగుతోంది. తన భయమే దాన్ని పస్తు పెట్టిందని తెలిసి ఇల్లాలు గుమ్మంలోనే కూలబడింది. వెనక సబ్బు మొహాలన్నీ మోటారు ఖర్చు గురించి నోరు తెరవబోతే, వేలు పెదవి మీద పెట్టి ఉరిమి చూసింది.

"ఎవరూ కదలకండి. తిననివ్వండి."

సాయంత్రం కూతురు వచ్చి పొంగిపోయింది. "గండం గడిచిందిగా అమ్మా. నీకు మాటిచ్చినట్టే రేపు ఊరి బయట తోటవాళ్లకు ఇచ్చేస్తాను."

"ఎవరే ఆ తోటవాళ్లు? దీని ముక్కు సంగతి వాళ్లకేం తెలుసు? అక్కడ కుక్కలుంటే? వాన పడితే? పళ్లెంలో పెడితే?"

"నువ్వూ పళ్లెంలోనే పెట్టావుగా!"

"నేను నేర్చుకున్నాను. వాళ్లు నేర్చుకునేదాకా ఇది బతకొద్దూ? ఎక్కడికీ పంపేది లేదు."

మోటారు బాగుచేసి డబ్బా కోసం పైకి వచ్చిన ప్లంబరుకు, డబ్బా పక్కనే కోడి పడుకుందని, లేపొద్దని చెప్పి మర్నాడు రమ్మంది ఇల్లాలు.