టీచరుగారి రాగి కడియం

ఆ రోజు కృష్ణయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిఫిను తిని నందిగామ వెళ్లి, ట్రాక్టరు ట్రక్కులకు టైర్లు బేరమాడి, ఎండ ముదరకముందే జగ్గయ్యపేటలో తన వెల్డింగు షెడ్డుకు వచ్చిపడటం. ఇడ్లీ ఇంకా నోట్లో ఉండగానే విశాఖ హార్బరు నుంచి మెర్లిన్ ఫోను చేసింది. అతను విదేశం నుంచి తెప్పించుకుంటున్న వెల్డింగు తీగకు కస్టమ్స్ కాగితాలు చూసే ఏజెంటు ఆవిడ.

"సార్, మీ సరుకు ఆపేశారండి. కాగితంలో రాగి తీగ అనుంది, ధర చూస్తే ఇనుముది. రాగిని ఇనుము ధర చూపించి తెస్తున్నారేమోనని ఆఫీసరు గారి అనుమానం."

"ఇనుమేనమ్మా అది. పైన రాగి పూత, అంతే."

"మరి పూత అన్న మాట ఏమైందండీ?"

ఆ మాటను కృష్ణయ్యే తీయించాడు. నందిగామ షెడ్లకు పోయే బేరాలను ఇటు లాగాలని 'రాగి తీగతో వెల్డింగు' అని బోర్డు రాయించాడు. ఆ బోర్డును ఫొటో తీసి, ఆర్డరులోనూ అలాగే రాయమని తీగ అమ్మేవాళ్లకు వాట్సాప్‌లో పంపాడు. జనం బోర్డు చూసి నమ్మినట్టే సర్కారూ నమ్ముతుందని అతని లెక్క.

మనుషులకు ఆధార్ ఉన్నట్టే దేశంలోకి దిగే ప్రతి వస్తువుకూ కస్టమ్స్‌లో ఒక నంబరు ఉంటుందని మెర్లిన్ ఓపిగ్గా చెప్పింది. లోపల మందు కూరిన వెల్డింగు తీగకు ఒకటి, ఉత్త ఇనుప తీగకు ఒకటి, రాగికి మరొకటి. సీలు వేసిన సరుకు విప్పకుండా, ముందుగా వచ్చిన శాంపిలు ముక్కను పదకొండింటికి ఆఫీసరు వీడియోలో చూస్తాడు. ముక్క అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము నంబరు వేసి వదిలేస్తాడు. లేదంటే ల్యాబుకే, అదెప్పటికి తేలుతుందో దేవుడికే తెలియాలి. ఇక్కడ చూస్తే మిరపకోతలు ముంచుకొస్తున్నాయి. ఈ తీగతో అతకాల్సిన ట్రక్కులు ఆదివారానికి చేతికి రాకపోతే పని నందిగామకు ఇచ్చుకుంటామని పెనుగంచిప్రోలు రైతులు చెప్పేసి పోయారు.

శాంపిలుగా వచ్చిన తీగచుట్ట ఏదని కృష్ణయ్య భార్యను అడిగాడు.

"ఇంకెక్కడి చుట్ట? పురిపెట్టించి వీధందరికీ కడియాలు చేయించాగా. నాది వేదాద్రిలో మా అక్కకిచ్చా. ఫారిన్ రాగి అని చెప్పింది మీరే కదండీ," అంది భారతీదేవి.

చెప్పిన మాట నిజమే. నొప్పులు తగ్గాయని వీధివాళ్లు వచ్చి దణ్ణాలు పెడుతుంటే, ఆ రాగిని తనే తవ్వి తీసినట్టు కళ్లు అరమోడ్చి వాటిని అందుకున్న మాటా నిజమే. దణ్ణం పెట్టినవాళ్లను ఇప్పుడు వెనక్కి ఇమ్మనలేడు. దణ్ణం పెట్టనిది పక్కింటి వెంకాయమ్మ ఒక్కతే. ఆవిడ రిటైరైన టీచరు. కృష్ణయ్య బడి మానేసిన రోజున ఊపిరి పీల్చుకున్న మనిషి.

"టీచరుగారూ, ఆ కడియం ఓసారి ఇవ్వండి. మెరుగు పెట్టించి తెస్తా."

"మెరుగెందుకురా? ఈ మచ్చలు చూశావా? నా మోకాళ్లలో ఉన్న చెడంతా చెమటలో వచ్చి దీనికి పడుతోంది."

అది తుప్పు. కృష్ణయ్య ఇంటి కప్పుకేసి చూశాడు.

"తీసుకెళ్లి ఇనపది మార్చి తెద్దామనా? పద, నా ఎదురుగానే పెట్టిద్దువుగాని," అని ఆవిడ చెప్పులు వేసుకుంది.

టీచరుగారంతటి మనిషి షెడ్డుకు నడిచి వెళ్తుంటే కొత్త కడియాలు పంచుతున్నారనుకుని వీధిలో ఆడవాళ్లూ వెంటపడ్డారు. షెడ్డు చేరేసరికి పదకొండయింది, ఫోనులో ఆఫీసరు ముఖం కనిపించింది. సరుకు ముక్క చూపించమన్నాడు. కృష్ణయ్య గత్యంతరం లేక టీచరుగారి చేతిని చూపించాడు.

"ఏంటమ్మా అది?" అన్నాడు ఆఫీసరు.

"రాగి నాయనా. అసలు సిసలైన ఫారిన్ రాగి. పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, అబద్ధమాడను. వీడే తెప్పించి అందరికీ పంచాడు. ఇంకా బోలెడు వస్తోందట."

వెనకనుంచి ఆడవాళ్లంతా చేతులెత్తి కడియాలు చూపించారు. ఆఫీసరు గబగబా రాసుకుంటున్నాడు. తెర మూలన మెర్లిన్ నుదురు పట్టుకుంది.

ఇనుప ముక్కలు కదలకుండా పట్టి ఉంచే అయస్కాంతపు దిమ్మ బల్లమీదే ఉంది. ఒకపక్క వీధిలో పరువు, ఇంకోపక్క ట్రక్కులు. కృష్ణయ్య దిమ్మను మెల్లగా ముందుకు జరిపాడు.

"చెయ్యి లాగుతుందేమోనండి, ఇలా ఆనించండి."

టక్కుమంది. టీచరుగారు చెయ్యి లాక్కుంటే దిమ్మ కూడా చేతితోపాటే లేచింది.

"రాగి అయస్కాంతానికి అంటదని చెప్పింది మీరేనండి. మీ పాఠాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే," అన్నాడు కృష్ణయ్య నేల చూపులు చూస్తూ.

ఆఫీసరుకు కావలసింది దొరికింది. కాగితంలో పేరు సరిచేయించుకుని ఇనుము నంబరు కింద సరుకు తీసుకుపొమ్మని ఫోను పెట్టేశాడు. షెడ్డులో కృష్ణయ్యా, అన్ని కడియాలూ మిగిలాయి. తిట్లు ఎటువైపు నుంచి మొదలవుతాయా అని అతను కాచుకుని ఉన్నాడు.

వెంకాయమ్మ ఆ మూల నుంచి ఈ మూలకు ఓసారి నడిచి చూసుకుంది.

"నొప్పి తగ్గిందన్నది అబద్ధం కాదుగా. పైన రాగి, లోపల అయస్కాంతం లాగే గుణం. డాక్టర్లు మోకాళ్లకు కట్టమనేదీ అయస్కాంతాల పట్టీయేగా. ఇంత మంచి వస్తువు షెడ్డులో పెట్టుకుని మాకు తీగముక్కలా ఇచ్చేది? సిగ్గులేదట్రా?"

ఆవిడ దిమ్మతో సహా ఇంటికి వెళ్లిపోయింది. మిగతావాళ్లు గోడ అరలో ఉన్న దిమ్మలు తలా ఒకటి అందుకున్నారు.

తీగ శనివారానికల్లా వచ్చేసింది. షెడ్డులో మాత్రం ముక్కలు పట్టడానికి దిమ్మ ఒక్కటి లేదు, అన్నీ వీధిలో మోకాళ్లకు కట్టి ఉన్నాయి. కృష్ణయ్య వెళ్లి, ఒక్క దిమ్మ ఇప్పించమని వెంకాయమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మెరుగు పెట్టడానికా?" అందావిడ.

కృష్ణయ్య అట్నుంచి అటే, అక్కడి షెడ్లవాళ్లను ఓ దిమ్మ అరువడగడానికి నందిగామ బస్సెక్కాడు.