ఓపిక బిళ్లలు

ఆ ఉదయం రొట్టెల ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు సూపర్‌వైజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, మేనేజరు ముందు హుషారుగా నిలబడి పగటి షిఫ్టు అడగాలి. ఏళ్ల తరబడి పగలు పడుకుంటున్నాడు. పడుకుంటున్నాడన్న మాటే గాని, వీధిలో కుక్కలకీ ఇంట్లో కుక్కరుకీ అతని నిద్రంటే లెక్కలేదు. ఒళ్లు హూనమైపోయింది. కానీ మేనేజరుకి నీరసం మొహాలంటే గిట్టదు. అందుకని కొన్నాళ్లుగా విటమిన్ బిళ్లలు మింగుతున్నాడు. ఇవాళ ఎందుకైనా మంచిదని ఒకటికి రెండు వేసుకున్నాడు.

భార్య కూడా రోజూ అతని పాలల్లో విటమిన్ పొడి కలుపుతోందని అతనికి తెలియదు. చెబితే "నాకేం రోగం?" అంటాడని ఆమె భయం. అదే భయంతో అత్తగారు అల్లుడి కూరలో నారింజరంగు గుళికలు చిదిమి కలుపుతోంది.

మేనేజరు గదిలో అడుగుపెట్టి పగటి షిఫ్టు మాట ఎత్తేసరికి చెవులు వేడెక్కాయి. మొహం కందగడ్డ అయింది.

"కోపమెందుకయ్యా? నేనింకా కాదనలేదుగా!" అన్నాడు మేనేజరు.

"కోపం కాదండీ, ఒళ్లంతా మంట..." అంటూ సూపర్‌వైజరు విప్పడం మరిచిన గ్లవుజులు లాగేశాడు. అరచేతులు పచ్చగా మెరిశాయి.

"కామెర్లు!" మేనేజరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "రాత్రంతా ఈ చేతుల్తోనే పిండి చూశావా?"

ఓవెన్లు ఆగిపోయాయి. పిండి పొంగి తొట్టెల అంచులు దాటింది. గేటు దాటబోతున్న రొట్టెల బండిని వెనక్కి పిలిచారు. పనివాళ్లందరూ ఒకరి చేతులొకరు చూసుకుంటూ ఫ్యాక్టరీ డాక్టరమ్మ గది ముందు బారులు తీరారు. సగంమందికి అప్పుడే ఎదుటివాడు పచ్చగా కనిపించాడు. పగటి షిఫ్టు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం ఊడకపోతే చాలనుకున్నాడు సూపర్‌వైజరు.

డాక్టరమ్మ అతని రెప్ప కిందికి లాగి చూసింది. "కళ్లు తెల్లగానే ఉన్నాయే! ఏం మింగుతున్నారు?"

చెప్పాడు. అనుమానం తీరక ఆవిడ అతని ఇంటికి ఫోన్ చేసింది. ముందు భార్య, ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని అత్తగారు, నిజం ఒప్పేసుకున్నారు. ఆపైన తల్లీకూతుళ్లు పోట్లాడుకోవడమే వినిపించింది.

"కామెర్లూ లేవు, పాడూ లేవు. ఆ రంగు గుళికలది, ఆ మంట బిళ్లలదీ పొడిదీ. ఇంకొన్నాళ్లు ఇలాగే మింగితే లివరుకే ఎసరొచ్చేది. అన్నీ ఆపేయండి. మీకు కావలసింది నిద్ర!" అంటూ ఆవిడ రాత్రి డ్యూటీ వద్దని రాసిచ్చింది. పొంగిన పిండి వంక చూస్తూ మేనేజరు ఆ చీటీ మీద సంతకం పెట్టాడు. సూపర్‌వైజరుకి ఏడుపొచ్చినంత సంతోషమేసింది.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఎదురైంది.

"డబ్బాలన్నీ పారేశానండీ. డాక్టరమ్మ మళ్లీ ఫోన్ చేసి చెప్పారు, పగటి డ్యూటీ అటగా! ఇక పొద్దున్నే పిల్లల్ని మీరే దింపొచ్చు, వస్తూ కూరలు తేవొచ్చు, రాత్రి వాళ్ల లెక్కలూ చూడొచ్చు."

"నన్ను సాయంత్రం అలా నడిపించుకు రావొచ్చు," లోపలినుంచి అత్తగారు.

సూపర్‌వైజరు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఒక్క డబ్బా కూడా మిగల్చలేదూ?" అన్నాడు.