అడ్జస్ట్ అంటే ఎవరు జరగాలి

1963 ఏప్రిల్ ఇరవై ఎనిమిది, ఆదివారం. ఆ పొద్దున అనంతరామయ్య మేష్టారు తిన్నది చద్దన్నం, ఆవకాయ. భార్య పోయాక ఆయనకు అబ్బిన వంట అంతే. రైల్వే స్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఆయన, సంవత్సరాంతపు పరీక్ష పేపర్లు బల్ల మీద పేర్చుకున్నారు. మర్నాడు ఉదయానికి దిద్ది ఇవ్వకపోతే పిల్లల ఫలితాలు ఆగిపోతాయి.

పక్క క్వార్టర్లో వర్క్‌షాపు ఫిట్టరు జగ్గారావు కూతురికి మర్నాటి రాత్రి పెళ్లి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే చుట్టాలను ఇరుగుపొరుగు ఇళ్లలో దించడం ఆ కాలనీలో మామూలే.

"మేష్టారూ, మా అప్పలిద్దరు ముసిలోలు. కుంచెం అడ్జస్ట్ సేసుకోండి," అన్నాడు జగ్గారావు.

మాట తప్పుగా వాడితే మేష్టారి ప్రాణం ఒప్పదు. "అడ్జస్ట్ అంటే ఇద్దరూ చెరికాస్త సర్దుకోవడమయ్యా."

"మా షాపులో బ్రేకు అడ్జస్ట్ సేత్తే బ్రేకే జరగాల గానీ సక్రం జరగదు కదండి."

మేష్టారు జరిగారు. బల్ల పడకగదిలోకి వెళ్లింది. ఆ ముసలి అక్కల వెనకాల కోడళ్లు, కోడళ్ల వెనకాల ఉయ్యాలలు వచ్చాయి. బల్ల వంటింట్లోకి వెళ్లింది. పందిట్లో పొయ్యి గాలికి ఆరిపోతోందని వంటవాళ్లు అక్కడికీ వచ్చారు.

"దాదా, థోడా అడ్జస్ట్," అన్నాడు ఆ ఊరి బెంగాలీ వంటవాడు, గుమ్మడికాయ బల్ల మీద పెడుతూ.

మేష్టారు అందరికీ ముందు అర్థం చెప్పారు, తరువాత చోటిచ్చారు. దీపాలు పెట్టేవేళకు బనీనుతో, పేపర్లతో వరండాలో మిగిలారు. అంతలో పెళ్లికొడుకు మేనమామ, దేముడు అనే ఆయన వచ్చాడు.

"నువ్వెవరి తాలూకు బావూ?"

"ఈ ఇంటి తాలూకే."

"అయితే లెగు. ఈ ఇంటి మేష్టారు శానా మంచోడంట. ఇల్లంతా మనమే నింపేస్తే ఆయనెక్కడ తొంగుంటాడు? ఆయనకోసం కుంచెం అడ్జస్టవ్వు."

ఈసారి మేష్టారు పేపర్లు చంకన పెట్టుకున్నారు. తనకోసం తానే చోటు ఖాళీ చేసి, మెట్లు దిగారు.

పెళ్లింట్లో దీపం ఉంది గానీ సందడి లేదు. పెళ్లికూతురు నిద్రపోతోంది. జగ్గారావు భార్య నూకాలమ్మ ఒక్కతే మేలుకుని ఉంది.

"రండి మేష్టారూ. అందరూ మీ ఇంటికాడే ఉన్నారు. ఈడ నరమానవుడు లేడు. ఏటైనా తిన్నారా?"

వేడన్నం, పప్పు పెట్టింది. లాంతరు దగ్గరికి జరిపింది. ఇంత నిశ్శబ్దం తన ఇంట్లో ఆయనకు ఎప్పుడూ బరువుగానే తోచేది. ఇవాళ హాయిగా ఉంది. ఆఖరి పేపరు మీద మార్కులు వేసి, అక్కడే చాప మీద ఒరిగిపోయారు.

నూకాలమ్మ వీధిలోకి తొంగిచూసింది. అవతలి వరండాలో దేముడు మేష్టారి చోటుకు కాపలా కూర్చుని, వచ్చినవాళ్లను వచ్చినట్టే కసిరి పంపుతున్నాడు. మేష్టారు ఇక్కడున్నారని చెబితే ఆయన లేచి వెళ్లి ఆ చోటు నింపాల్సి వస్తుందని, ఆమె చప్పుడు కాకుండా తలుపు మూసింది.