మట్టెవాడ నల్ల కారు పందెం

ఆ ఆదివారం పొద్దున్నే కారును పందేనికి తీసుకుపోవాలని రాజేశ్వర్ రావు అనుకున్నాడు. ఎనభై ఒకటో సంవత్సరం నాటికి మట్టెవాడలో అంత పొడుగు విలాయితి కారు మరొకటి లేదు. ఒకప్పుడు పెళ్లివాళ్లు ఆ కారు దొరికే రోజు చూసి ముహూర్తం పెట్టుకునేవారు. పోయినేడు జాలిపడి అందులో ఒక శవాన్ని దవాఖాన నుంచి ఊరికి పంపాడు. అప్పటి నుంచి శవాలే వస్తున్నాయి. ఈ మాఘంలో ఒక్క పెళ్లి అయినా దొరకకపోతే కారు అమ్మెయ్యాలని భార్య నిర్మల తేల్చి చెప్పింది. తండ్రి కొన్న కారు. అమ్మడానికి ఆయనకు చేతులు రావు.

రాష్ట్రంలో పేరున్న కార్లన్నీ హనుమకొండ నుంచి ములుగు దాకా పందెం పోతున్నాయి.

"పందెంల ఉరికిందంటే దీని పేరు మారుతది," అన్నాడు రాజేశ్వర్ రావు.

"మారుతది దొరా. గని నేను ఉరికిచ్చి శాన దినాలాయె," అన్నాడు డ్రైవర్ యాకయ్య. "ఎనుక పండుకున్నోళ్లు కదలొద్దని మెల్లగ తోల్తాన."

"ఇయ్యాల ఎనుక నేనుంట. ఉరికియ్యి."

యాకయ్య ఉరికించాడు. దుమ్ముకు, కుదుపులకు రాజేశ్వర్ రావుకు కడుపులో తిప్పింది. వెనక సీట్లో పడుకుని తెల్ల తువ్వాల ముఖం మీదికి లాక్కున్నాడు.

సగం దారిలో ఒక ఊరి జనం పందెం చూడటానికి రోడ్డు మీదికి వచ్చారు. నల్ల కారు కనబడగానే చెప్పులు విడిచారు. అది చూసి వెనక వస్తున్న పందెం కార్లు వేగం తగ్గించాయి. శవాన్ని దాటి పోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. చిలుకమ్మ అనే ముసలమ్మ కారుకు అడ్డం నిలబడింది.

"ఎనుక ఎవలు కొడుకా?"

"మా దొర, అవ్వా. జర తొవ్వ ఇయ్యి."

"సగం తొవ్వల దింపకుంట పోతవా? చెవుల పేరు వట్టి పిలువాలె. పానముంటే లేస్తడు."

"ఆయన బతికే ఉన్నడు."

"అందరం గట్లనే అనుకుంటం బిడ్డా," అని చిలుకమ్మ కళ్లు తుడుచుకుంది.

నలుగురు కలిసి రాజేశ్వర్ రావును దించి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. నోరు తెరిస్తే ఏమవుతుందో తెలుసు కనుక ఆయన తెరవలేదు. చిలుకమ్మ యాకయ్యను అడిగి పేరు తెలుసుకుని, చెవి దగ్గర మూడుసార్లు పిలిచింది. మూడో పిలుపుకు ఆయన లేచి కూర్చుని వాంతి చేసుకున్నాడు.

జనం పరుగెత్తారు. ఎందుకో యాకయ్య కూడా పరుగెత్తాడు. పందెం కార్లు వచ్చిన దారినే తిరిగి పోయాయి.

చచ్చిన మనిషిని లేపిన కారని తొర్రూరు దాకా తెలిసింది. శవాలు రావడం తగ్గింది. దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్న రోగుల్ని ఆ కారులోనే తీసుకుపోవాలని వాళ్ల మనుషులు పట్టుబడుతున్నారు. నిర్మల వీధి తలుపు తీయడం మానేసింది.

మాఘం చివర్లో బట్టల వ్యాపారి వెంకట్రాజం వచ్చాడు.

"మా పిలగాని పెండ్లికి నీ కారే కావాలె, రాజేశ్వరన్నా."

"పెండ్లికేనా?" అన్నాడు రాజేశ్వర్ రావు.

"పెండ్లికే. మా నాయిన పానం బాగలేదు, లగ్గం దాక ఉంటడో ఉండడో. ఎనుక సీట్ల పండవెడ్తం."

పెళ్లికొడుకు యాకయ్య పక్కన కూర్చున్నాడు.